బ్యాండు, ఆర్కెస్ట్రా, మాండొలిన్: 'అపోకలిప్స్' ఆల్బమ్ మళ్లీ వింటే

రాక్ బ్యాండును, సింఫనీ ఆర్కెస్ట్రాను ఒకే వేదిక ఎక్కించాలన్న ఉబలాటం 1960ల చివర్లో ఇంగ్లండులో బాగా కనిపిస్తుంది. 1967లో వచ్చిన మూడీ బ్లూస్ ఆల్బమ్ 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్'లో తెల్లవారుజాము మొదలు రాత్రి దాకా ఒక రోజు కథ నడుస్తుంది. అందులో బ్యాండు పాటలు వేరు, వాటి నడుమ పీటర్ నైట్ సమకూర్చిన ఆర్కెస్ట్రా భాగాలు వేరు. రెండూ కలిసి మోగే చోట్లు తక్కువ. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బ్యాండు రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కచేరీ చేసింది. ఆ కన్చెర్టో రాసిన జాన్ లార్డ్ మొదటి భాగంలో రెండు పక్షాలనూ ప్రత్యర్థులుగానే నిలబెట్టారు. ఒకచోట పక్కపక్కన కూర్చోబెట్టడం, ఇంకోచోట ఎదురెదురుగా నిలబెట్టడం. కలిసి కాపురం చేయించే పని మాత్రం మిగిలిపోయింది.

ఆ పనికి పూనుకున్న రికార్డుల్లో ఒకటి 1974లో వచ్చిన మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆల్బమ్ 'అపోకలిప్స్'. దీన్ని జాజ్-రాక్ అరలో పెడతారు గానీ ప్రోగ్రెసివ్ రాక్ అడిగిన ప్రశ్ననే ఇదీ అడిగింది. కృష్ణా డెల్టాలో కూర్చుని దీన్ని మళ్లీ వినడానికి ప్రత్యేక కారణం ఉంది. ఆ ఆల్బమ్‌కు కర్త అయిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, పాతికేళ్ల తర్వాత మన ఉప్పలపు శ్రీనివాస్ పక్కన కూర్చుని పుష్కరకాలం దాకా కచేరీలు చేశారు. శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. లండన్ స్టూడియోకూ గుడివాడ వేదికకూ మధ్య ఉన్నది గట్టి దారమా, మనం అభిమానంతో ముడివేసుకున్నదా అన్నది తేల్చుకోవాలంటే రికార్డులనే సాక్షులుగా పిలవాలి.

ముందు ఆల్బమ్ సంగతి. మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరుకు ఆర్కెస్ట్రాయే గానీ, 1971లో 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్' వెలువడినప్పుడు అది అయిదుగురి బ్యాండు. 1973 ఆఖరుకల్లా ఆ జట్టు చెదిరిపోయింది. మెక్‌లాఫ్లిన్ కొత్త జట్టు కట్టారు: విద్యుత్ వయొలిన్ మీద జాన్-లూక్ పాంటీ, డ్రమ్స్ మీద నారద మైకేల్ వాల్డెన్, బేస్ మీద రాల్ఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్, కీబోర్డుకూ గాత్రానికీ గేల్ మోరన్, వీరికి తోడు ముగ్గురు తీగవాద్యకారులు. 1974 మార్చిలో లండన్ ఎయిర్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డింగు. ఆర్కెస్ట్రా నడిపింది అప్పటికి 29 ఏళ్ల మైకేల్ టిల్సన్ థామస్, స్వరలేఖనం మైకేల్ గిబ్స్‌ది. నిర్మాత బీటిల్స్ రికార్డుల జార్జ్ మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమరిక్. ఇంతకన్నా మంచి బృందం ఆ రోజుల్లో దొరకదు. కాబట్టి ఆల్బమ్‌లో ఎక్కడైనా అతుకు కనిపిస్తే, ఆ తప్పును మనుషుల చేతకానితనం మీదికి నెట్టడానికి వీల్లేదు. ఈ వ్యాసానికి అది ముఖ్యమైన ఆధారం.

రచనలు అయిదే. నిడివి మొత్తం 50 నిమిషాల పైచిలుకు, అందులో చివరిదైన 'హిమ్ టు హిమ్' ఒక్కటే 19 నిమిషాలు. వినేటప్పుడు ఒకే విషయం గమనిస్తూ పోవాలి: ఎవరు రాసుకున్నది వాయిస్తున్నారు, ఎవరు అప్పటికప్పుడు పుట్టిస్తున్నారు? నాలుగు నిమిషాల 'పవర్ ఆఫ్ లవ్'లో గిటారు, వయొలిన్, తీగవాద్య బృందం మెత్తగా కలిసిపోతాయి. అక్కడ చెలరేగే సోలోలు లేవు, పేచీ లేదు. 'స్మైల్ ఆఫ్ ది బియాండ్' మొదటి నిమిషాల్లో మోరన్ గొంతు చుట్టూ వయొలిన్లు నిలకడగా మోగుతాయి. డ్రమ్స్ దిగగానే అది వేరే పాట అనిపిస్తుంది. 'వింగ్స్ ఆఫ్ కర్మ' ఆర్కెస్ట్రాతో మొదలై, బ్యాండు చేతికి వెళ్లి, మళ్లీ ఆర్కెస్ట్రా దగ్గరికి చేరుతుంది. 14 నిమిషాల 'విజన్ ఈజ్ ఎ నేకెడ్ స్వోర్డ్' తీరు వేరు. భయపెట్టే కింది స్థాయి స్వరాల మీంచి ఒక పదునైన పల్లవి లేస్తుంది, దాన్ని బ్యాండు, ఆర్కెస్ట్రా ఒక్కటై మోగిస్తాయి. ఆల్బమ్ మొత్తంలో కలయిక అనే మాటకు తగిన ఘట్టం అదే. అయితే ఆ పల్లవి దాటి సోలోలు అందుకోగానే ఆర్కెస్ట్రా చాలావరకు పక్కకు తప్పుకుంటుంది, లేదా ఒక స్వరాన్ని పట్టి నిలబెడుతుంది.

అంటే ఆర్కెస్ట్రా వట్టి అలంకారం అన్న పాత విమర్శ సగమే నిజం. ఇక్కడ దాని పని శ్రుతిపెట్టె పనికి దగ్గరగా ఉంది. అది లేకపోతే సోలో నిలవదు, అయినా సోలోకు అది బదులు పలకదు. పాంటీ వయొలిన్ ఒక సంగతి వేస్తే దానికి జవాబిచ్చేది గిటారే. వెనకున్న వయొలిన్ల వరసలు కావు. ఇవ్వలేవు కూడా, వాళ్ల ముందున్నది రాసిన కాగితం.

ఈ ఆల్బమ్‌లో భారతీయత ఎంత అనే ప్రశ్న దగ్గర మనవాళ్లు తొందరపడతారు. మెక్‌లాఫ్లిన్ అప్పటికి శ్రీ చిన్మయ్ శిష్యులు, మహావిష్ణు అన్న పేరు ఆ గురువు పెట్టిందే. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. ఇవి జీవిత చరిత్రకు చెందిన ఆధారాలు, సంగీతంలోని ఆధారాలు కావు. రికార్డులో మనకు వినబడేవి బేసి లెక్కల తాళాలు, ఇద్దరు ముగ్గురు ఒకే స్వరవరసను వేగంగా కలిసి వాయించడం, ఆగకుండా తిరిగే చిన్న పల్లవి మీద మనోధర్మం. వీటికి మన సంగీతంలో పోలికలున్నాయి గానీ, ఫలానా రాగం అని ఏ భాగానికీ పేరు పెట్టే సాహసం నేను చేయను. వెనక కదిలే హార్మొనీ ఆ మాటను నిలవనివ్వదు.

అసలు చిక్కు ఎక్కడుందో మన దేశపు అనుభవమే చెబుతుంది. ఇరవైమంది వయొలిన్ వాయిద్యకారులు ఒకే గమకాన్ని వాయించాలంటే, ఆ ఊపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే ఒప్పందం కుదరాలి. ఒప్పందం కుదిరితే గమకం బిగిసిపోతుంది, కుదరకపోతే మసకబారుతుంది. ఆకాశవాణి వాద్యబృందాలు తొలినుంచీ ఎదుర్కొన్న సమస్య ఇదే. ఢిల్లీలో ఆ బృందానికి రచనలు చేసి నడిపించినవారిలో ద్రాక్షారామానికి చెందిన వైణికులు ఈమని శంకరశాస్త్రి ఒకరు. వీణ మీద ఆయన ఒక్కరే పలికించగల సూక్ష్మాలు బృందరచనలో ఎంతవరకు దిగగలవన్నది ఆయనకు రోజువారీ ప్రశ్నే అయి ఉంటుందని నా ఊహ.

అదే 1974కు డెల్టా వైపు నుంచి ఇంకో జవాబు కూడా ఉంది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు తుదిరోజుల్లో పాడిన భగవద్గీత రికార్డుగా ఇంటింటికీ చేరింది. ఆయన ఫిబ్రవరి 11న కన్నుమూశారు, 'అపోకలిప్స్' రికార్డింగుకు సరిగ్గా ముందు నెల. గీతలో శ్లోకానికీ శ్లోకానికీ నడుమ వాద్యబృందం రంగాన్ని మారుస్తుంది, గొంతు లేవగానే అణిగి కూర్చుంటుంది. అక్కడ పోటీ అనే మాటే లేదు, పెద్దరికం ఎవరిదో ముందే తేలిపోయింది. మెక్‌లాఫ్లిన్ కోరుకున్నది ఆ పెద్దరికం కాదు, సమానుల సంభాషణ. కాబట్టి రెండింటినీ ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు.

'అపోకలిప్స్' తర్వాత ఏడాదిన్నర తిరగకుండానే ఆయన నడిచిన దారి చూడండి. 1975 జులైలో అమెరికాలోని సౌత్ హాంప్టన్ కాలేజీలో శక్తి బృందం కచేరీ రికార్డయింది. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుసేన్, ఘటం వినాయక్‌రామ్, మృదంగం రామ్నాడ్ రాఘవన్. ఆర్కెస్ట్రా పోయింది, డ్రమ్స్ పోయాయి, కరెంటు గిటారు కూడా పోయింది. దాని బదులు ఒక ప్రత్యేకమైన గిటారు వచ్చింది. ఏబ్రహాం వెక్టర్ చేతిపనితనంతో తయారైన ఆ వాద్యంలో మెట్ల మధ్య చెక్కను గుల్లగా తొలిచారు. మామూలు గిటారులో వేలు కింద చెక్క అడ్డొస్తుంది. తొలిచిన చోట తీగ గాలిలో ఉంటుంది, దాన్ని నొక్కవచ్చు, లాగవచ్చు. మైనం మీద ఎత్తుగా నిలిపిన వీణ మెట్లు ఇచ్చే వెసులుబాటు ఇదే. తీగలను మోగించి శ్రుతి నింపడానికి ధ్వనిరంధ్రం మీదుగా అడ్డంగా ఇంకొన్ని తీగలు బిగించారు. లండన్‌లో ఒక పెద్ద ఆర్కెస్ట్రా చేసిన శ్రుతి పనిని ఇక్కడ ఆ ఏడు తీగలూ చేసిపెట్టాయంటే అతిశయోక్తే గానీ, అబద్ధం కాదు.

ఇక మన వైపు. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను పిల్లవాడు పట్టుకున్నాడు. మన సినిమా పాటల్లో ఆ వాద్యం అప్పటికే పాతకాపు, శాస్త్రీయ కచేరీకి మాత్రం పనికిరాదని పేరు. కారణం లేకపోలేదు. మామూలు మాండొలిన్‌లో నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. జంట తీగను లాగితే రెండూ ఒకే మేరకు సాగవు, గమకం చీలిపోతుంది. శ్రీనివాస్ వాయించింది అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్. ఒంటి తీగ లాగడానికి లొంగింది. కరెంటు వల్ల నాదం నిలబడింది, ఆంప్లిఫయరు వాల్యూమ్ పెంచితే చిన్న జారు కూడా చివరి వరస దాకా చేరుతుంది.

గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాయించేవాడు. ఈ ఒక్క వివరం శ్రీనివాస్ బాణీకి తాళంచెవి అని నా అభిప్రాయం: వేళ్లకు ముందు గొంతు ఉంది.

గుడివాడ వేదిక కూడా ఊరికే దొరికింది కాదు. త్యాగరాజు శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యులు బెజవాడలో ఎందరినో తీర్చిదిద్దిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇలా త్యాగరాజ పరంపర కృష్ణా తీరంలో తరాలుగా పాతుకుంది. ఆరాధనోత్సవాలంటే చెవి ఉన్న శ్రోతలు బారులు తీరే నేల. అలాంటి చోట తొమ్మిదేళ్ల పిల్లవాడు కరెంటు వాద్యంతో కూర్చున్నాడు. మద్రాసు సభల తలుపులు ఆ తర్వాత తెరుచుకున్నాయి.

రెండు దారులూ కలిసింది 'రిమెంబర్ శక్తి' బృందంలో. 1999 కచేరీల నుంచి తీసిన 'ది బిలీవర్' ఆల్బమ్‌లో మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్, జాకిర్ హుసేన్, సెల్వగణేశ్ ఉన్నారు. ఇక్కడ మనకు అసలైన సాక్ష్యం దొరుకుతుంది. అందులోని 'లోటస్ ఫీట్' అనే రచన 1976లో మహావిష్ణు ఆర్కెస్ట్రా 'ఇన్నర్ వరల్డ్స్'లో ఉంది, శక్తి తొలి ఆల్బమ్‌లోనూ ఉంది. అంటే ఒకే వరస రాక్ బ్యాండు చేతిలో, వయొలిన్-గిటారు జంట చేతిలో, చివరికి పాలకొల్లు మాండొలిన్ చేతిలో నమోదై ఉంది. మూడూ వరసగా వింటే తేడా చెవికే తెలుస్తుంది. మాండొలిన్ పక్కన గిటారు ఎక్కడా దారి ఇచ్చి తప్పుకోదు. ఒకరు వదిలిన స్వరం దగ్గరే ఇంకొకరు అందుకుంటారు. 2001 నాటి 'శాటర్డే నైట్ ఇన్ బాంబే'లో శంకర్ మహదేవన్ గొంతుతో త్యాగరాజ కృతి 'గిరిరాజసుతా తనయ' కూడా వినిపిస్తుంది. గుడివాడ ఆరాధనలో వినదగిన కృతి అంతర్జాతీయ ఆల్బమ్‌లోకి నడిచి వచ్చింది.

దీన్ని బట్టి ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు? 'అపోకలిప్స్' ప్రభావం శ్రీనివాస్ మీద ఉందనకూడదు. ఆ రికార్డు వచ్చేనాటికి ఆయనకు అయిదేళ్లు, ఆయన సంగీతం గురువు గొంతులోంచి వచ్చింది. పాశ్చాత్య బ్యాండ్లతో ఆయనకు ఏర్పడిన పరిచయమంతా మెక్‌లాఫ్లిన్ చలవే అనడమూ తప్పు. 1995లోనే కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ఆయన చేసిన 'డ్రీమ్' వెలువడింది. దాన్ని విడుదల చేసిన రియల్ వరల్డ్ సంస్థ ఒకప్పటి ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు జెనెసిస్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ స్థాపించినది. చెప్పదగినది ఇంతే: బ్యాండునూ ఆర్కెస్ట్రానూ కలపబోయి 1974లో మెక్‌లాఫ్లిన్ ఆగిన చోటును స్వరలేఖనం దాటించలేదు. మెట్ల మధ్య చెక్క తొలిచిన గిటారు, జంట తీగలు తీసేసిన మాండొలిన్ దాటించాయి. ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి తెలియకుండా జరిగాయి, రెండూ గమకం కోసమే జరిగాయి. 'అపోకలిప్స్' గొప్ప ఆల్బమే. 'విజన్' పల్లవి కోసం ఎన్నిసార్లయినా వినవచ్చు. కానీ అది తలపెట్టిన సంభాషణ అందులో పూర్తి కాలేదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. గుడివాడ, పాలకొల్లు, విజయవాడ, మచిలీపట్నం ఉత్సవాల్లో 1980ల నాటి కచేరీలను చిన్న టేపురికార్డర్లలో పట్టుకున్న అభిమానులు డెల్టాలో చాలా ఇళ్లలో ఉంటారు. క్యాసెట్ టేపుకు తేమ, బూజు రెండూ శత్రువులే. మీ బీరువాలో అలాంటిది ఉంటే ఈ వేసవిలోనే డిజిటల్‌లోకి మార్పించండి. ఒక ప్రతిని విజయవాడలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకో, ఆకాశవాణి కేంద్రానికో అందజేయండి. తేదీ, వేదిక, పక్కవాద్యాల వివరాలు గుర్తున్నంత మేరకు రాసి జతచేయండి.