కట్టుడు పళ్ల చరిత్ర: ఎవరి పళ్లు, ఎవరి నోట్లో?

 

మన ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు ఊర్లల్ల పళ్లు లేని అవ్వను, తాతను చూస్తే "వయసైంది గదా" అని ఊకుంటం. పళ్లు ఊడగొట్టేది వయసు కాదు, జబ్బు. అందులో పెద్దది చిగుళ్ల జబ్బు, పయోరియా. పంటి మొదట్లో గార పేరుకుంటే చిగురు వాస్తది, రక్తం కారుతది. పట్టించుకోకపోతే పంటిని పట్టుకున్న ఎముక కరుగుతది. పుచ్చు లేని పన్ను కూడా కదిలి ఊడుతది. చుట్ట, తంబాకు, షుగర్ ఉంటే ఇంకా తొందరగా ముదురుతది.

ఊడిన పళ్ల జాగల పెట్టి తీసుకునేవే కట్టుడు పళ్లు. వీటి చరిత్ర మనం చదవాలె, ఎందుకంటే అందులో మనలాంటోళ్లు ఉన్నరు.

1789లో అమెరికా మొదటి అధ్యక్షుడైన నాటికి జార్జ్ వాషింగ్టన్ నోట్లో మిగిలింది ఒక్కటే సొంత పన్ను. ఆయన కట్టుడు పళ్లల్ల నీటిగుర్రం దంతం, మనుషుల పళ్లు వాడిన్రు. 1784 నాటి ఆయన లెక్కల పుస్తకంలో నల్లజాతి వాళ్ల దగ్గర 9 పళ్లు కొన్నట్టు రాసి ఉంది. బానిస "అమ్మిన" అంటే అందులో ఇష్టమెంత? 1815లో వాటర్లూ యుద్ధంలో చచ్చిన సిపాయిల పళ్లు కూడా పీకి అమ్ముకున్నరు.

1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నడు. తర్వాత గట్టి రబ్బరు దిమ్మ మీద పింగాణీ పళ్లు పెట్టుడు మొదలైంది. ధర తగ్గి మామూలు జనానికి అందినయ్. కానీ రబ్బరు పాలు ఎక్కడియి? ఎక్కువగా అమెజాన్ అడవులయి. పుటుమాయో నది దిక్కు ఆదివాసులను కొట్టి, చంపి ఆ పాలు తీయించిన్రు. 1910లో రోజర్ కేస్‌మెంట్ పోయి విచారించి ఆ ఘోరాన్ని బయటపెట్టిండు. 1930ల ఆఖర్ల అక్రిలిక్ వచ్చింది. ఇప్పుడు పెట్టే సెట్లు ఎక్కువగా దాంతోనే చేస్తరు.

అంటే ఇయ్యాల వస్తువు కొరత లేదు. కొరత దారిది. ప్రభుత్వ డెంటల్ కాలేజీ హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌ల ఉంది, ములుగుకు సుమారు 200 కిలోమీటర్లు. ఒక్కసారి పోతే అయ్యే పని కాదు. పాడైన పళ్లు తీయాలె, పుండు మానాలె, కొలత తీయాలె, మైనంతో సరిచూడాలె, ఆఖరికి సెట్టు పెట్టాలె. ఎముక కరిగేకొద్దీ సెట్టు వదులైతది, మళ్లీ సరిచేయించాలె. కూలికి పోయే ఇంట్ల ప్రతిసారి ఇద్దరి కూలి పోతది.

ఇది తిండి ఒక్కదాని సంగతి కాదు. మన వంశాల కథలు పడిగె విప్పి డోలి పెద్దలు పాడితేనే నిలిచినయ్. త, ద పలకాలంటే నాలుక పంటికి ఆనాలె. పళ్లు పోతే పేర్లు, ఊర్లు పలుకుడు తడబడుతది.

కర్ణాటకలో పేద వృద్ధులకు దంత భాగ్య పథకం కింద, కేరళలో మందహాసం కింద ఉచితంగా కట్టుడు పళ్లు ఇస్తున్నరు. మేము అడిగేది కూడా గదే: కొలత నుంచి సెట్టు పెట్టేదాకా అన్ని దశలు ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలోనే జరగాలె. మీ ఊర్ల పళ్లు లేని పెద్దలు ఎంతమందో పేర్లు రాసి పెట్టుండ్రి. అందరం కలిసి అర్జీ ఇద్దాం.