చిలమత్తూరు ప్రాంత వలసలు: ఉత్తరం నుంచి వాట్సాప్ దాకా

సామాజిక మాధ్యమాల వల్లనే వలసలు పెరిగాయన్న అభిప్రాయం ఇటీవల తరచుగా వినిపిస్తోంది. చిలమత్తూరు ప్రాంత చరిత్ర దీనిని సమర్థించదు. హిందూపురం రైలుమార్గం, కొడికొండ చెక్‌పోస్టు మీదుగా సాగే రహదారి ఈ కరవు సీమ జనాన్ని స్మార్ట్‌ఫోను పుట్టకముందే బెంగళూరుకు చేర్చాయి. కదిరి, రాయచోటి వాసులు కువైట్ దారి పట్టిందీ అంతకుముందే. మారింది వలస కాదు. వలసపోయిన మనిషికీ ఇంటికీ నడుమ మాట నడిచే తీరు.

ఇక్కడి సరిహద్దు 1956లో పుట్టినది కాదు. 1799లో టిప్పు సుల్తాన్ పతనానంతరం మైసూరు ఒడెయర్లకు దక్కింది. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. బాగేపల్లి మైసూరు వైపు, హిందూపురం మద్రాసు వైపు నిలిచాయి. రెండువైపులా ఇంటిభాషగా తెలుగు సాగుతూనే ఉంది. బడి మాత్రం ఇటు తెలుగు, అటు కన్నడం. పెళ్ళి సంబంధాలు ఈ గీతను లెక్కచేయలేదు. ఫలితంగా, బాగేపల్లి వైపు మెట్టిన ఆడపడుచు పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ మేనమామ రాసిన తెలుగు ఉత్తరాన్ని చదవలేరు. కైవారం నారాయణప్ప తెలుగు, కన్నడం రెండింటా రచించిన సీమ ఇది. రెండు భాషలు ఇక్కడ ఎన్నడూ భారం కాలేదు, అడ్డుపడింది లిపి.

చదువురాని తల్లికి ఈ అడ్డు మరింత పెద్దది. వచ్చిన కార్డును పోస్ట్‌మ్యానో బడిపిల్లవాడో చదివిపెట్టాలి. రాసిపెట్టే పొరుగువాని ఎదుట కోడలు చెప్పుకోగలిగింది కొంతే. టెలిఫోను ఈ అడ్డును తొలగించలేదా అన్న ప్రశ్న సహజం. ఎస్.టి.డి. బూత్‌లో మాటకు నిమిషాల లెక్క, వెనుక వరుసలో వినే చెవులు. పైగా అవతలి మనిషి కట్టడం పనిలో ఉంటే ఆ పిలుపు అందదు.

2013లో వాట్సాప్‌లో స్వర సందేశం వచ్చింది. 2016లో జియో రాకతో డేటా చౌకైంది. బెంగళూరులోని కొడుకు పని దిగాక వినేలా, తల్లి తనకు వీలైన వేళ తన యాసలోనే మాట్లాడి పంపవచ్చు. మధ్యవర్తి లేడు, లిపి పేచీ లేదు. అయితే అదే మాట కుటుంబ గ్రూపులో పడితే పాత బూత్ కన్నా ఎక్కువ చెవులకు చేరుతుంది.

పరిశోధకునికి ఇందులో ఒక చిక్కుంది. ట్రంకుపెట్టెలోని కార్డు యాభై ఏళ్ళ తర్వాతా దొరకవచ్చు. స్వర సందేశం ఫోనుతో పాటే పోవచ్చు. ఇంతటి సహజమైన సరిహద్దు తెలుగు మరెక్కడా ఇలా నమోదు కావడం లేదు. కానీ సేకరణకు ముందు ఆ ఇళ్ళవారి సమ్మతి కావాలి: అందులో ఉన్నవి అప్పులు, తగవులు, ఇంటి గుట్లు.