చార్మినార్ కంటే ముందు మూసీని చూడండి

మాది రాజమండ్రి. గోదావరి చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే మొదటిసారి నయాపూల్ మీద బస్సు ఆగినప్పుడు, కింద ఉన్నది మూసీ నది అంటే నమ్మలేదు. మురిక్కాలువ అనుకున్నా. మొన్న ఆదివారం చార్మినార్ కోసం వెళ్లి, ఆ నది ఒడ్డునే రోజంతా తిరిగాను.

ముందు పురానాపూల్. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. చార్మినార్ 1591 నాటిది. అంటే ఊరికంటే వంతెన 13 ఏళ్లు పెద్దది! కొడుకు భాగమతి కోసం ఏరు దాటుతున్నాడని తండ్రి కట్టించాడట. కథ బాగుంది, కానీ లెక్క చూడండి. అప్పటికి ఆ కొడుక్కి పన్నెండు, పదమూడేళ్లు. ఇప్పుడు ఆ వంతెన మీద కూరగాయలు అమ్ముతున్నారు.

అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్ వచ్చాను. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఈ చెట్టెక్కి బతికారు. ఊళ్లో మాత్రం సుమారు 15 వేల మంది పోయారని అంచనా. నేను కొమ్మలకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాను. రాత్రంతా పిల్లల్ని పట్టుకుని అక్కడ కూర్చోవడం ఊహించుకోండి.

ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. నీళ్లు ఊళ్లోకి రాకముందే పైన ఆపాలన్నది ఆయన ఆలోచన. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నది ఒడ్డున ఇటు ఆసుపత్రి, అటు హైకోర్టు లేచాయి. మనం ఫొటోలు దిగే ఈ గుమ్మటాలన్నీ ఆ వరద తర్వాత మళ్లీ కట్టుకున్న ఊరివే.

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, ఒక డౌట్ వచ్చింది. జలాశయం దాని పైన పడిన వాననే ఆపుతుంది. మరి ఊళ్లోనే కురిస్తే? 2020 అక్టోబర్‌లో చూశాం కదా, కాలనీలకి కాలనీలే మునిగాయి. చెరువులూ నాలాలూ పూడ్చేసి ఇళ్లు కట్టుకుంటే, ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఈసారి చార్మినార్ వెళ్తే, నయాపూల్ దగ్గర ఒక్క స్టాప్ ముందే దిగండి. ఆ చెట్టు చూసి రండి.