అలవడినది వదలునా?

చింతకాయ యను మాట చెవిని బడినంతనే మన నోట నీరూరును. కాయ నాలుకను తాకలేదు. మాట మాత్రమే చెవిని సోకినది. శరీరము ఇట్లు నేర్చుకొనిన దానిని మరల విడుచునా? ఎక్కువకాలము నేర్చినకొలది విడుచుట కష్టమగునా?

రష్యా శరీరశాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమానమును పొందెను. ఆహారము నోటికందక మునుపే కుక్కలకు లాలాజలమూరుటను ఆయన ఆ కృషిలోనే గమనించెను. మెట్రోనోము చప్పుడు వినిపించి వెంటనే ఆహారము పెట్టుచుండగా, కొంతకాలమునకు ఆ చప్పుడుకే లాలాజలమూరెను. పిమ్మట చప్పుడు మాత్రమే వినిపించి ఆహారము మానగా, చుక్కలు క్రమముగా తగ్గి ఆగిపోయెను. దీనికే విలుప్తి యని పేరు. ప్రతిచర్య గట్టిపడినకొలది విలుప్తి నెమ్మదిగా జరుగునని ఆయన తెలిపెను. అయితే కొంత విరామము తరువాత అదే చప్పుడుకు లాలాజలము తనంతట మరల ఊరెను! కనుక విలుప్తి చెరిపివేత కాదు, అణచివేత మాత్రమేనని ఆయన నిర్ణయించెను.

1939లో అమెరికాలో లాయిడ్ హంఫ్రీస్ మనుష్యుల రెప్పపాటును పరీక్షించెను. దీపము వెలిగిన వెంటనే కంటిపై గాలి ఊదుచుండగా, వెలుగుకే రెప్ప వాలుట అలవడెను. గాలి మానిన పిదప, ప్రతిమారు గాలి తగిలినవారు ఆ అలవాటును త్వరగా విడిచిరి. సగము మారులే తగిలినవారు చాలసేపు రెప్ప వాల్చుచునే యుండిరి.

1960లో నార్త్, స్టిమ్మెల్ అనువారు ఆహారమునకై ఎలుకలను ఇరుకైన నడవలో పరుగెత్తించిరి. ఆహారము మానినప్పుడు, 45 పరుగులు చేసినవానికంటె 90, 135 పరుగులు చేసినవే త్వరగా మందగించెను. ఈ ఫలితము తరువాతి ప్రయోగములన్నిటిలోను రాలేదు. పరుగు వేరు, లాలాజలము వేరు. అయినను, ఎడతెగక దొరకుచున్నది హఠాత్తుగా నిలిచినచో మార్పు స్పష్టముగా తెలియుననియు, అప్పుడప్పుడు దొరకునది నిలిచినచో ఆశ చావదనియు పలువురు వివరించిరి.

కాబట్టి ఎన్నిమారులు నేర్చితిమనుట యొక్కటే కాదు, ఎట్లు నేర్చితిమనుటయు ముఖ్యము. మారాము చేయు బిడ్డకు ఒకనాడు మిఠాయి ఇచ్చి ఒకనాడు మానినచో, ఆ మారామును మాన్పుట ఏల కష్టమో దీనివలన మనకు బోధపడును. పోయినదనుకొన్న భయము కొన్నాళ్లకు మరల తలయెత్తినచో, మన ప్రయత్నము వ్యర్థమైనదని క్రుంగనక్కరలేదు. మరల మరల విలుప్తి చేయగా, అది రానురాను త్వరగా జరుగుటను పావ్లోవ్ చూచెను. ఆ ఓర్పే మనకును వలయును.