హెరాయిన్ మానేస్తే మొదటి వారంలో ఏమవుతుంది? నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లు వైద్యం కోసం ఎక్కడికి వెళ్లాలి?

ఆళ్లగడ్డలోని ఇంటి నుంచి మీకు ఫోన్ వచ్చిందనుకోండి. బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చిన తమ్ముడు రెండు రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు. ముక్కు కారుతోంది, వాంతులు, విరేచనాలు. రాత్రంతా నిద్ర లేదు, కాళ్లు పీకుతున్నాయని మంచం మీద దొర్లుతున్నాడు. అమ్మ వైరల్ జ్వరమేమో అనుకుంటోంది. మీకు మాత్రం వాట్సాప్‌లో అసలు సంగతి చెప్పాడు: హెరాయిన్ మానేయాలని చూస్తున్నాడు. మీరేమో హైదరాబాద్‌లో ఉన్నారు.

ఇలాంటప్పుడు చుట్టాలు ఇచ్చే సలహా ఒకటుంది. ‘నాలుగు రోజులు గదిలో పెట్టి గడియ వేయండి, అదే పోతుంది.’ నాలుగు రోజుల్లో పోయేది ఒంటి బాధ మాత్రమే. అసలు ప్రమాదం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

హెరాయిన్, దాని నాసిరకమైన బ్రౌన్ షుగర్, నొప్పికి వాడే ట్రమడాల్ లాంటి మాత్రలు అన్నీ ఓపియాయిడ్ల కుటుంబానివే. రోజూ తీసుకుంటే శరీరం వాటికి అలవాటుపడి, అవి ఉంటేనే మామూలుగా పనిచేసే స్థితికి వస్తుంది. హెరాయిన్ ఆపిన 6 నుంచి 12 గంటల్లో ఆవులింతలు, కళ్ల నీళ్లు, ఒళ్లు జలదరింపు మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు బాధ పతాక స్థాయికి చేరుతుంది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఎముకల్లో నొప్పి, వాంతులు, విరేచనాలు, గుండె దడ ఉంటాయి. వారం, పది రోజుల్లో ఇవి చాలావరకు తగ్గిపోతాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు, మళ్లీ తీసుకోవాలనే కోరిక మాత్రం నెలల తరబడి ఉండొచ్చు.

ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఈ విత్‌డ్రాయల్ భరించలేనంత బాధ పెడుతుంది కానీ సాధారణంగా ప్రాణం తీయదు. అయితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే పరిస్థితి విషమిస్తుంది. గర్భిణి అయితే ఒక్కసారిగా ఆపడం కడుపులో బిడ్డకు ప్రమాదం. ఆమెను వెంటనే డాక్టరుకు చూపించాలి.

మన దగ్గర డీ-అడిక్షన్ అనగానే ముందు గుర్తొచ్చేది మద్యం కాబట్టి ఇక్కడే ఒక మాట. మద్యం కథ వేరు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి చలించి ప్రాణం మీదికి రావచ్చు. నిద్రమాత్రలకు అలవాటుపడ్డవారికీ ఈ ముప్పు ఉంది. మీ తమ్ముడు హెరాయిన్‌తో పాటు వీటిలో ఏదైనా వాడుతున్నాడేమో అడగండి, డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఆసుపత్రిలో ఏం ఇస్తారు?

నీరసానికి సెలైన్ పెట్టి పంపించేయడం వైద్యం కాదు. ఓపియాయిడ్ వ్యసనానికి బూప్రెనార్ఫిన్ అనే మాత్ర ఉంది. నాలుక కింద పెట్టుకోవాలి. ఇది విత్‌డ్రాయల్ బాధను, కోరికను తగ్గిస్తుంది. కానీ విత్‌డ్రాయల్ లక్షణాలు కనిపించాకే మొదలుపెట్టాలి. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగానే వేసుకుంటే బాధ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అందుకే ఎవరో ఇచ్చారని ఇంట్లో వేసుకోకూడదు. ఇది మామూలు మందుల షాపుల్లో దొరకదు, అనుమతి ఉన్న ఆసుపత్రులు, డీ-అడిక్షన్ కేంద్రాల్లోనే ఇస్తారు. కొందరికి దీన్ని నెలలు, ఏళ్ల తరబడి కొనసాగిస్తారు. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది కదా’ అని ఇంట్లోవాళ్లు మధ్యలో మాన్పించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. షుగరు మాత్ర రోజూ వేసుకుంటే వ్యసనం అనం కదా.

ఎక్కడికి వెళ్లాలి?

ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో వాంతులు, విరేచనాలు, నీరసానికి తక్షణ వైద్యం అందుతుంది. పెద్ద ఆసుపత్రికి రిఫర్ చేసే చీటీ కూడా అక్కడే అడగొచ్చు. వ్యసనానికి వైద్యం చేయాల్సింది మానసిక వైద్యులు. సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రికి 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల తోడైంది. ఓపీ కౌంటర్‌లో ‘మానసిక వైద్య విభాగం’ అని అడిగి చీటీ రాయించుకోండి. మందు అక్కడ లేకపోతే తర్వాతి మెట్టు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. నంద్యాల నుంచి 70 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. విత్‌డ్రాయల్‌లో ఉన్న మనిషిని బస్సులో అంత దూరం తిప్పడం కష్టం. ముందే ఫోన్ చేసి, ఓపియాయిడ్ వ్యసనానికి బూప్రెనార్ఫిన్ ఇస్తున్నారా అని కనుక్కుని బయలుదేరండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే రెండు ఉచిత నంబర్లు ఉన్నాయి. 14416 టెలి మానస్, కేంద్ర ఆరోగ్య శాఖది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. 14446 కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మీరు హైదరాబాద్ నుంచి కూడా తమ్ముడి కోసం వీటికి ఫోన్ చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఈగల్ విభాగం నంబరు 1972 ప్రధానంగా డ్రగ్స్ అమ్మేవారి సమాచారం ఇవ్వడానికి. చికిత్స కోసం చేయాల్సింది పై రెండింటికే.

పోలీసులకు చెబుతారా?

ఎక్కువ మందిని ఆసుపత్రి గడప దగ్గరే ఆపేది ఈ భయమే. హెరాయిన్ వాడకం నేరమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు. అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ కూడా ఉంది. వాడకం కేసులోగానీ, చిన్న మొత్తం దొరికిన కేసులోగానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. హెరాయిన్ విషయంలో చిన్న మొత్తం అంటే 5 గ్రాముల వరకు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఈ రక్షణ పోవచ్చు. అమ్మినవారికి ఇది వర్తించదు.

ఊళ్లో తెలిస్తే పెళ్లి సంబంధాలు రావన్న బెంగ మరొకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చే ముందు ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ వచ్చే డాక్టరు ఎవరు అని అడగండి. గొలుసులతో కట్టేయడం, బలవంతంగా గుండు చేయించడం నిషిద్ధం. ఇష్టం లేని పెద్దవాడిని ఇంటివాళ్ల సంతకంతో మాత్రమే చేర్చుకోవడం కుదరదు. దానికి నిపుణుల పరీక్షతో కూడిన పద్ధతి ఉంది. కుటుంబాన్ని నెలల పాటు కలవనివ్వం, ఫోన్ చేయనివ్వం అనే చోట చేర్చకండి.

వారం గడిచాక

ఒళ్లు తేలికపడింది, అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేది ఇప్పుడే. కానీ కొన్ని రోజులు మానేస్తే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత స్నేహితుడు కలిసి, పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డీటాక్స్ చేయించుకుని, జైలు నుంచి లేదా ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన మొదటి వారాలే ఓవర్‌డోస్ మరణాలకు అత్యంత ప్రమాదకరమైన కాలం. అందుకే డాక్టరు ఇచ్చిన తదుపరి తేదీ ఒక్కటి కూడా తప్పించకూడదు.

మనిషి ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి చాలా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా, కంటిపాపలు సూదిమొనంత అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయకండి, ఒంటరిగా వదలకండి. ఏం తీసుకున్నాడో వచ్చిన సిబ్బందికి చెప్పండి. నలాక్సోన్ అనే ఇంజెక్షన్ సమయానికి అందితే ఓపియాయిడ్ ప్రభావాన్ని నిమిషాల్లో వెనక్కి తిప్పగలదు. అయితే దాని ప్రభావం హెరాయిన్ కంటే ముందే దిగిపోవచ్చు కాబట్టి, లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.