పాటకు కూడా ఆనర్సా?

మా పెద్దవాళ్ళ నోట "ఆయన ఆనర్సు చదివినాడు" అని వచ్చిందంటే, చదివింది లెక్కలో ఇంగ్లీషో చరిత్రో అని అర్థం. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత వాల్తేరులోనూ ఇంటర్మీడియెట్ అయినాక మూడేళ్ళు ఒకే విషయం పట్టుకుని చదివే బి.ఏ. ఆనర్సు ఉండేది. మామూలు బి.ఏ. రెండేళ్ళే. ఆనర్సువాళ్ళకు వేరే పరీక్ష రాయకుండానే తర్వాత ఎం.ఏ. పట్టా దొరికేది కాబట్టి ఆ మాటకు అంత బరువు. సంగీతం ఆ వరసలోకి వస్తుందని మా ఇళ్ళల్లో ఎవరూ అనుకున్నట్టు లేదు. సంగీతమంటే సాయంత్రం పాఠం, నవరాత్రిలో బొమ్మల కొలువు ముందర రెండు కీర్తనలు, మరీ ఆసక్తి ఉంటే కర్ణాటక సర్కారు పెట్టే జూనియర్, సీనియర్, విద్వత్ పరీక్షలు. అంతే.

ఇప్పుడు మా కుటుంబంలో ఒక అమ్మాయి సంగీతంలో ఆనర్సు సంవత్సరం చదువుతానంటోంది. ఇల్లు రెండు పక్షాలైంది. మూడేళ్ళ డిగ్రీ చేతికొస్తుంది కదా, బి.ఎడ్.లో చేరితే ఇస్కూల్లో టీచరు ఉద్యోగమైనా దొరుకుతుంది, ఇంకో ఏడు ఎందుకు అని ఒక పక్షం. చదవనీండి అని ఇంకో పక్షం. అసలు ఈ నాలుగో ఏడు ఎక్కడినుంచి వచ్చింది, పాట విశ్వవిద్యాలయం గడప ఎట్లా ఎక్కింది అన్నది తెలిస్తే వాదనకు కాస్త పస ఉంటుందని ఇది రాస్తున్నాం.

ముందు సర్కారు సంగతి. 2020 జాతీయ విద్యా విధానం వచ్చినాక, దాన్ని దేశంలో అందరికంటే ముందు, 2021–22లో, కర్ణాటకే అమలు చేసింది. మూడేళ్ళకు డిగ్రీ, నాలుగో ఏడూ చదివితే ఆనర్సు. యూజీసీ లెక్క ప్రకారం మూడేళ్ళకు 120 క్రెడిట్లు, నాలుగేళ్ళకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్ళు నాలుగో ఏట పరిశోధన కూడా చెయ్యొచ్చు. ప్రభుత్వం మారింది. 2024 మేలో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీయే అని ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు చేరినవాళ్ళు మాత్రం కావాలంటే నాలుగో ఏడు చదువుకోవచ్చన్నారు. మా అమ్మాయి 2023లో చేరింది. అంటే ఆఖరి గుంపు. ఈసారి వద్దనుకుంటే "వచ్చే ఏడు చూద్దాంలే" అనడానికి లేదు. ఇంట్లో గొంతులు పెరగడానికి సగం కారణం ఇదే.

ఇక పాట సంగతి. గురువు ఇంట్లో ఉండి, నీళ్ళు తోడి, విని నేర్చుకున్న విద్యకు తరగతి గది రావడం నూరేళ్ళ ముచ్చట. తెలుగువాళ్ళు ముందు చెప్పుకోవలసింది విజయనగరం. 1919లో విజయరామ గజపతి అక్కడ సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసును మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టినాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ చెప్పి, 1936లో తానే ప్రిన్సిపాలయినాడు. ఘంటసాల, సుశీల కూడా అక్కడ చదివినవాళ్ళే. అయితే అది కళాశాల. విశ్వవిద్యాలయం లోపలికి సంగీతం పోయింది మద్రాసులో. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతో పాటు అక్కడ అఖిల భారత సంగీత సభ జరిగింది. దాని ఫలంగా మరుసటేడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. 1932లో విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ తెరిచినారు. మొదట దాన్ని నడిపింది టైగర్ వరదాచార్యులు. తర్వాత వచ్చిన పి. సాంబమూర్తి క్వీన్ మేరీస్ కాలేజీలో ఆడపిల్లలకు సంగీతం చెప్పినాయన. ఆయన ఇంగ్లీషులో రాసిన "సౌత్ ఇండియన్ మ్యూజిక్" ఆరు భాగాలు ఇప్పటికీ మా అమ్మాయి సంచిలో ఉన్నాయి. చిదంబరంలో అన్నామలై చెట్టియారు కళాశాల 1929 నాటిది. తెలుగు కీర్తనలే ఎందుకు, తమిళ పాటలు పాడండి అని 1940ల మొదట్లో లేచిన తమిళిసై ఉద్యమానికి కూడా చిదంబరమే పుట్టిల్లు. దాని మీద మాకు కోపమేమీ లేదు. తన భాషలో పాట అర్థమై పాడుకోవాలని ఎవరికుండదు? మైసూరు విశ్వవిద్యాలయం సంగీత నృత్య కళాశాల 1960లలో వచ్చింది. దానికి మొదటి ప్రిన్సిపాలు వి. రామరత్నం.

విశ్వవిద్యాలయం కచేరీ విద్వాంసులను తయారు చెయ్యలేదని దెప్పేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజమే అనుకుందాం. గొంతు తయారు కావాలంటే గురువు దగ్గరికే పోవాలి. కానీ పాట ఎక్కడినుంచి వచ్చింది, దాని సాహిత్యంలో ఏ పాఠం సరైంది, ఏ శిష్యుల ఇంట్లో ఏ మాట మారింది, ఇవి కచేరీలో తేలే సంగతులు కావు. కూర్చుని పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడాలి. (రెండు వెర్షన్లు పక్కన పెట్టుకుని తేడాలు పట్టడం మా ఆఫీసులో జీతమిచ్చి చేయించే పనే కాబట్టి, అందులో కష్టం మాకు కొంచెం తెలుసు.)

ఈ పని మన కన్నడదేశపు తెలుగిళ్ళకు మిగతావాళ్ళకంటే దగ్గరిదని మా నమ్మకం. త్యాగయ్య పాట మైసూరుకు వచ్చిన దారులు చూడండి. త్యాగయ్య శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతులు. ఆయన శిష్యుడు సదాశివరావు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో మైసూరు చేరి, తెలుగులో కృతులు కట్టి, వీణ శేషణ్ణ లాంటివాళ్ళకు పాఠం చెప్పినాడు. ఇంకో దారి మానంబుచావడి వెంకటసుబ్బయ్యది. ఆయన శిష్యుడు పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు దగ్గరికి, తిరువయ్యారుకు, మైసూరు రాజు ఖర్చు పెట్టి ఒక కుర్రవాణ్ణి పంపించినాడు. ఆ కుర్రవాడే మైసూరు వాసుదేవాచార్యులు. ఇంటి భాష కన్నడం, కృతులు ఎక్కువ భాగం తెలుగులో, సంస్కృతంలో. తన జ్ఞాపకాలు మాత్రం కన్నడంలో రాసుకున్నాడు. మనమేమో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం రాసి, కీర్తనలు కన్నడ లిపిలో నేర్చుకున్నవాళ్ళం. ఆయన కథ తిరగేస్తే మన కథ.

ఆ కన్నడ లిపి దగ్గరే అసలు పని ఉంది. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు అక్షరాలు పెద్దయినాక కూడబలుక్కుని నేర్చుకున్నాం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే, కాబట్టి తెలుగు పాట కన్నడ అక్షరాల్లో దాదాపు అంతా ఒదుగుతుంది. తమిళంలో అయితే క, గ లకు ఒకటే అక్షరం కాబట్టి పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేసి నెట్టుకొస్తారు. మనకు ఆ బాధ లేదు. కానీ "చాల", "జూచి" అన్నప్పుడు తెలుగువాడి నాలుక పళ్ళకు తగులుతుంది. కన్నడ పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్ళు దాన్ని "చెట్టు"లో చకారంలాగా పలుకుతారు. అరసున్న ఎటూ మాయం. తాళానికి మాట మధ్యలో విరిగితే, పుస్తకం అచ్చు వేసినాయన విరిగిన చోటే రెండు మాటలుగా అచ్చేస్తాడు. అవి అట్లాగే నోట్సుల్లోకి, పిల్లల నోట్లోకి పోతాయి. ఒకసారి తప్పు కుదురుకుంటే అదే సంప్రదాయం అయిపోతుంది. మా అవ్వ పాడిన ఒక చరణంలో ఒక మాటకు అర్థమే లేదు. అడిగితే "అది దేవుడికి తెలుస్తుందిలే" అనేది.

దీనికి ఆధారం చూడాలంటే ఎటూ తెలుగు లిపి కావాలి. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు పెద్ద దిక్కయిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో అచ్చు వేయించినాడు. తమిళదేశంలో అచ్చయింది, రాసినాయన తమిళుడు, పుస్తకం మాత్రం తెలుగులో, తెలుగు అక్షరాల్లో. ఆనర్సు చదివే పిల్ల మూలం చూడాలనుకుంటే మొదట నేర్చుకోవలసింది మన ఇళ్ళు వదిలేసిన లిపి.

పట్టా లేకుండా ఈ పని చేసినామె ఒకామె మన పక్కనే పుట్టింది. బెంగళూరు నాగరత్నమ్మ 1878లో నంజనగూడులో పుట్టి, బెంగళూరులో మునుస్వామప్ప దగ్గర సంగీతం నేర్చింది. ఆయనదీ వాలాజాపేట పరంపరే. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనము" ఆమె చేతికి వచ్చినప్పుడు, అచ్చు ప్రతిలో పద్యాలు కొరతగా ఉన్నాయని పట్టింది. రాతప్రతి సంపాదించి, పోల్చి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారి ద్వారా వేయించింది. ముద్దుపళనిని తక్కువ చేసి రాసిన వీరేశలింగం పంతులుకు ముందుమాటలోనే జవాబు చెప్పింది. 1911లో సర్కారు పుస్తకాన్ని బూతని పట్టుకుపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించిన పుణ్యానికి ఆమెను అందరూ తలుచుకుంటారు. కట్టించింది, 1925లో కుంభాభిషేకం కూడా అయింది. కానీ మాకు ఆ గుడికంటే ఆ పుస్తకం పెద్దదనిపిస్తుంది. ఇప్పుడు నాలుగో ఏట పిల్లలను చెయ్యమనే పని సరిగ్గా అదే: ప్రతులు వెతకడం, పోల్చడం, ఎందుకు ఈ పాఠమో కారణం చెప్పడం.

మా అమ్మాయి ఎంచుకున్న విషయం, కర్ణాటకంలో కన్నడ లిపిలో పాడుకునే త్యాగరాజ కృతుల్లో మాటలు ఎట్లా మారినాయన్నది. బి.ఎడ్. పక్షంవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఉద్యోగం గురించి వాళ్ళు అడిగే ప్రశ్న న్యాయమైందే. ఆనర్సు పట్టా చూసి ఎవరూ పిలిచి కుర్చీ వెయ్యరు. ఎం.ఏ. చెయ్యక తప్పదు. ఫీజు మాత్రం చిన్నాన్న కడతానన్నాడు.

ఆమెకు కావలసింది ఇళ్ళల్లోని పాత పాటల నోటుబుక్కులు. కోలారు, చిక్కబళ్ళాపురం, బళ్ళారి, బెంగళూరు, ఎక్కడివైనా సరే. మీ అవ్వలో అత్తలో కన్నడ అక్షరాల్లో రాసిపెట్టుకున్న కీర్తనలు ట్రంకు పెట్టెల్లో ఉంటే, పారేయకముందు పేజీలు ఫోటో తీసి పంపండి. అర్థం కాని మాట ఉన్న పేజీ ముందు తియ్యండి. ఎవరు, సుమారుగా ఏ సంవత్సరంలో, ఎవరి దగ్గర నేర్చుకుని రాసినారో తెలిసినంతవరకు పక్కన రాయండి. పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.