రాతికొలతయు ఊపిరికొలతయు

రాయచూరు సీమ యనగానే మనకు కృష్ణా తుంగభద్రల నడిమి నేలయు, దానికై జరిగిన యుద్ధములును జ్ఞప్తికి వచ్చును. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండిన ఈ జిల్లాకు భూగర్భమున మరియొక చరిత్ర గలదు. అది బంగారపు చరిత్ర. అశోకుని పేరు గల మస్కి శాసనమును 1915లో కనుగొన్న బీడన్ బంగారు గనుల ఇంజనీరే. లింగసుగూరు తాలూకా హట్టిలో ప్రాచీనులు త్రవ్విన చోటనే, 1947లో ఏర్పడిన కంపెనీ నేటికిని బంగారము తీయుచున్నది.

బంగారము పలుగురాతిని ఆశ్రయించి యుండును. ఆ రాతిని తొలుచునపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతునకు చేరి, మెత్తని కణజాలమును మచ్చగట్టించును. ఇదియే సిలికోసిస్. తెలుగువారు పెక్కురు శ్రమించిన కోలారు గనులలో ఈ వ్యాధి విస్తృతిని 1947 నాటి నివేదిక వెల్లడించెను.

ఈ నష్టమును కొలుచుటెట్లు? విచిత్రమేమన, ఆ విద్యయు రాతినుండియే పుట్టినది. 1847లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు దెలెస్, రాతిని కోసిన ముఖముపై ఒక ఖనిజమాక్రమించిన వైశాల్యపు పాలే, రాతి మొత్తములో దాని ఘనపరిమాణపు పాలని చూపెను. 1898లో రోసివాల్ వైశాల్యమునకు బదులు గీతలను, 1933లో గ్లాగోలెవ్ చుక్కలను వాడిరి. నూరు చుక్కలలో పండ్రెండు ఒక ఖనిజముపై పడినచో, అది సుమారు నూటికి పండ్రెండు పాళ్లన్నమాట.

స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు వైబెల్ ఈ పద్ధతిని ఊపిరితిత్తులకు అన్వయించి, 1963లో గ్రంథము వెలువరించెను. సూక్ష్మదర్శినిలో పలుచని కోతపై చుక్కల నెన్నిన కణజాలపు పరిమాణమును, గీతలు గోడలను ఖండించు తావుల నెన్నిన ఉపరితలమును తెలియును. అయితే ఊపిరితిత్తిని ముందుగా నియతమైన ఒత్తిడితో నింపి గట్టిపరుపవలెను. కోతలను పక్షపాతము లేక ఎన్నుకొనవలెను. ముడుచుకొన్న తిత్తి తప్పు లెక్క చెప్పును. 2004లో ప్రచురింపబడిన గణన ననుసరించి, మానవుని రెండు ఊపిరితిత్తులలో సగటున 48 కోట్ల వాయుకోశములు గలవు.

ఆరోగ్యవంతుని కొలత తెలిసిననే రోగి కోల్పోయినది తెలియును. కాని ఈ కొలతకు కణజాలమును కోసి తీయవలెను. అది మరణానంతరమో, శస్త్రచికిత్స నాడో గాని లభింపదు. మచ్చగట్టిన ఊపిరి మరల పూర్వస్థితికి రాదు. కావున సూక్ష్మదర్శిని నేర్పిన పాఠమును గనిలోనే ఆచరింపవలెను: నీటితో తొలుచుట, గాలి ప్రసారము, ధూళిని నిత్యము కొలుచుట. టన్ను రాతిలో కొలది గ్రాముల బంగారమును లెక్కించు మనము, దానిని తీయువాని ఊపిరిని లెక్కింపక విడుచుట తగదు.